అన్నకి బండి, తమ్ముడికి ఇంజను

ఇనుముకి గట్టితనాన్ని, నూనెకి జారుడు గుణాన్ని, ఆ రెండింటినీ కలిపే నేర్పుని మనిషి చేతికి ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. పనిలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తూ ఈ మాట అనుకునే పానా పట్టుకున్నాను. పని మానేసి కాగితం ముందు కూర్చున్న ఈరోజూ ఆ మాటతోనే మొదలుపెడుతున్నాను. నా చేతుల మీదుగా నడిచి వెళ్ళిన బళ్ళన్నిటికీ మహిమ ఆయనదే. నడిచి కూడా ఆగిపోయిన ఒక్క బండి గురించి మాత్రం ఆయన దగ్గర ఇంకా మొర పెట్టుకుంటూనే ఉన్నాను.

మెకానిక్కు పనిలోకి కొత్తగా వస్తున్న మా మందిరం సంఘంలోని కుర్రాళ్ళు నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. ఏ బండికి ఏ నూనె పొయ్యాలి, ఏ బోల్టు ఎంత బిగించాలి అన్నవి మీకు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది రాస్తాను.

మేస్త్రి గారి ఒళ్ళో పానాలు

నేను పని నేర్చుకున్నదీ, చివరిదాకా చేసిందీ రాజోలులో అప్పారావు మేస్త్రి గారి షెడ్డులో. పైన రేకులు, మధ్యలో అడ్డంగా ఒక తాటి దూలం, దూలానికి వేలాడే చైను పుల్లీ. ఎంత పెద్ద ఇంజనైనా ఆ పుల్లీతోనే లేపి, ఆ పుల్లీతోనే దించేవాళ్ళం.

మేస్త్రి గారు మంచి పనివాడు, మంచి మనిషి, తొందర మనిషి. ఎదుటివాడి కష్టం చూస్తే ఆగలేరు. ఆ తొందర పనిలో మాత్రం కనిపించేది కాదు. ఇంజనుకి గేర్‌బాక్సు ఎక్కించే రోజున షెడ్డులో ఉన్న పానాలన్నీ ఏరి, పంచె ఒళ్ళో పోసుకుని స్టూలు మీద కూర్చునేవారు. గేర్‌బాక్సు ముందు పొడుచుకొచ్చిన షాఫ్టు క్లచ్చు ప్లేటు మధ్యలోంచి వెళ్ళి, ఫ్లైవీలు నడుమనున్న బుష్షులో కూర్చోవాలి. వెంట్రుక వాసి వంకరున్నా వేలెడు సందు మిగిలిపోతుంది. అప్పుడు పనివాడికి బుద్ధి పెడదారి పడుతుంది. నాలుగు బోల్టులు వేసి బిగిస్తే అదే లాక్కుంటుంది కదా అనిపిస్తుంది. నిజంగానే లాక్కుంటుంది. సందు మూసుకుపోతుంది. చూసినవాళ్ళకి కూర్చున్నట్టే ఉంటుంది. అయితే ప్లేటు వంగుతుంది, లేకపోతే గేర్‌బాక్సు చెవి చిట్లుతుంది. అది తెలిసేది ఆ రోజు కాదు, బండి ఏ అప్పనపల్లి దారిలోనో ఉన్నప్పుడు.

"చేత్తో కూర్చోవాలి. చేత్తో కూర్చోనిది పానాతో కూర్చోదు," అనేవారు మేస్త్రి గారు. చెమటలు కక్కుతూ ఊపీ, తిప్పీ, కొంచెం వెనక్కి లాగీ మళ్ళీ తోసేవాళ్ళం. కూర్చున్నప్పుడు మెత్తగా ఒక చప్పుడొచ్చేది. అది విన్నాకే ఆయన ఒళ్ళోంచి ఒక పానా తీసి ఇచ్చేవారు.

రెండు సీట్ల బండి

మా ఊరు రాజోలుకి దగ్గర. ఊరికీ మా పేటకీ మధ్య కాలువ, కాలువ మీద సన్నని వంతెన. వంతెన దిగగానే పెద్దరాజు గారి మేడ. ఆయన తండ్రి ఏనాడో, కాలువల పని మీద వచ్చి తిరిగి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆ బండి కొన్నారు. టాపు లేని స్పోర్ట్సు కారు, రెండే సీట్లు, ముదురాకుపచ్చ రంగు. ముందు పొడుగాటి బానెట్టు, దాని కింద నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. కోనసీమ మొత్తానికి అలాంటిది అదొక్కటే.

ఆ తండ్రి గారు ఉన్నన్నాళ్ళూ ఏటా ఒక శనివారం ఆ బండి వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాలని మొక్కు. ఆయన నడపలేని రోజులు వచ్చాక కొడుకులిద్దరూ వెళ్ళేవారు. స్టీరింగు దగ్గర అన్న, పెద్దరాజు గారు. ముందు నిలబడి హ్యాండిలు తిప్పేది తమ్ముడు. ఇంజను అందుకోగానే హ్యాండిలు లాగి, పరుగెత్తుకొచ్చి పక్కసీట్లోకి దూకేవారు చిన్నరాజు గారు. మా పేట పిల్లలం కాలువగట్టు మీద నిలబడి అది చూసేవాళ్ళం.

తండ్రి పోయాక బండి కొన్నాళ్ళు కొట్టంలో ఉండిపోయింది. తొంభైల్లో రొయ్యల గాలి వీచింది. చిన్నరాజు గారు ఐ.పోలవరం వైపు చెరువులు తవ్వించారు. పంట మధ్యలో నీళ్ళు తోడే ఇంజను పట్టేసింది. కొత్తది రావడానికి వారం పడుతుందన్నారు. ఆయన మా షెడ్డుకి పరుగెత్తుకొచ్చారు.

"మేస్త్రి గారూ, రొయ్యలు పైకి తేలిపోతున్నాయండి. మా నాన్నగారి బండిలో ఇంజను ఉంది కదా, అది దించండి."

"అన్నగారికి చెప్పేరా అండీ?"

"అన్నయ్య భీమవరం పెళ్ళికెళ్ళేరు. వచ్చేక చెప్తాను. ముందు దించండి, బాబ్బాబు."

మేస్త్రి గారు నా వైపు చూశారు. "చస్తాయిరా ప్రకాశం పాపం, పద," అన్నారు. సాయంత్రానికి ఇంజను వ్యానెక్కింది. రొయ్యలు బతికాయి. పెళ్ళినుంచి వచ్చిన పెద్దరాజు గారు బానెట్టు ఎత్తి చూస్తే లోపల నేల కనిపించింది.

ఆ తర్వాత ఇంట్లో ఏ మాటలు నడిచాయో నాకు తెలియదు. పంపకాల దాకా వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని పొలం పంచారు, కొబ్బరితోట పంచారు, ఇత్తడి గంగాళాలు కూడా పంచారు. చివర్న బండి దగ్గరకొచ్చేసరికి అందరూ అలిసిపోయారు. ఎక్కడున్నది అక్కడే అని తీర్పు చెప్పి లేచిపోయారు. ఆ తీర్పుతో బండీ గేర్‌బాక్సూ అన్నవయ్యాయి, ఇంజనూ హ్యాండిలూ తమ్ముడివయ్యాయి. దేన్నైనా సమంగా పంచితే న్యాయం జరిగినట్టేనని నమ్మే పెద్దలు మా వైపు ఎక్కువ. కలిస్తేనే పనిచేసే వస్తువులు కొన్ని ఉంటాయని వాళ్ళకి ఎవరు చెప్పాలి?

ఎవరూ అడగని ఇంజను

కొన్నేళ్ళకి చెరువులకి తెగులొచ్చి ఎండిపోయాయి. ఆ రోజుల్లో పెద్దరాజు గారు తనంతట తాను షెడ్డుకి వచ్చారు. ఆ బండికి ఏదైనా జీపు డీజిలు ఇంజను ఎక్కించమన్నారు. నాన్నగారి మొక్కు ఆగిపోయిందనీ, రాత్రుళ్ళు అదే గుర్తొస్తోందనీ చెప్పారు.

"ఎక్కించొచ్చండి," అన్నారు మేస్త్రి గారు. "చట్రం మధ్యలో అడ్డకమ్మీ కొయ్యాలి. కోస్తే ఇంక దాని ఇంజను దానికి ఎప్పటికీ పట్టదండి."

"దాని ఇంజను నాది కాదుగా."

నేను నోరు విప్పాను. "ఐ.పోలవరం చెరువు గట్టు మీద ఊరికే ఉందండి అది. బాగుచెయ్యొచ్చు."

పెద్దరాజు గారు వెళ్ళడానికి లేచారు. "నీ ఇష్టం ప్రకాశం. నేను అడిగినట్టు మాత్రం చెప్పకు," అన్నారు.

నేను వెళ్ళాను. చిన్నరాజు గారు గట్టు మీద పాకలో ఉన్నారు. విషయం చెప్పగానే అడిగిన మొదటి మాట, "అన్నయ్య అడిగేరా?"

"షెడ్డు తరఫున అడుగుతున్నానండి."

"షెడ్డుకెందుకోయ్ నా ఇంజను? కోడిపందేలకి తీసుకెళ్తారా?" నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, ఇంజను మీద కప్పిన తాటాకులు తనే తీశారు. "ఆయ్, పట్టుకెళ్ళు. నేను ఇచ్చినట్టు మాత్రం చెప్పకు."

ఇద్దరి నోటా ఒకే మాట విన్నాను. కుర్రవాణ్ణి, సంతోషపడ్డాను. ఇద్దరి మనసూ ఒక్కటే ఉంది, మధ్యలో నేను మోస్తే చాలు అనుకున్నాను. ఇది దేవుడు నాకిచ్చిన పని అనిపించింది. విడిపోయిన అన్నదమ్ములు ఎదురుపడి ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడ్చిన ఘట్టం బైబిలు వాక్యంలో చదివి పెరిగినవాణ్ణి. ఆ ఘట్టం మా షెడ్డులో జరుగుతుందని కలలు కన్నాను.

ఉప్పు తిన్న ఇంజను

పని గురించి కాస్త చెప్పాలి. చెరువు మీద ఆ ఇంజనుకి రేడియేటరు లేదు. చెరువు నీళ్ళనే గొట్టంతో నేరుగా లోపలికి పంపి చల్లార్చేవారు. మా తీరంలో అందరూ చేసిన పొరపాటే ఇది. ఉప్పునీళ్ళు ఇంజను చుట్టూ ఉండే దారుల్ని లోపల్నుంచి కొరికేశాయి. ఆ దారుల చివర్లు మూసే వాటర్ ప్లగ్గులు వేలితో నొక్కితే అట్టముక్కల్లా లోపలికి పోయాయి. హెడ్డు ఊడదీయడానికే రోజుల తరబడి కిరసనాయిలు పోసి నానబెట్టాం. ఇంజను దిమ్మ మాత్రం పగల్లేదు. రాజమండ్రి తీసుకెళ్ళి స్లీవులు వేయించాం, క్రాంకు సాన పట్టించాం. సెల్ఫు మోటారు పూర్తిగా పోయింది. దానికి జోడు ఎక్కడా దొరకలేదు. పాతరోజుల్లోలాగే హ్యాండిలుతోనే తిప్పాలని తేలింది.

గేర్‌బాక్సు బండిలోనే ఉండిపోయింది కాబట్టి బాగుంటుందనుకున్నాం. విప్పితే నూనె మజ్జిగలా తెల్లగా వచ్చింది. తుఫాను ఏడాది కొట్టంలోకి వచ్చిన నీళ్ళు అందులో చేరాయి. బేరింగులు మార్చాం, రెండో గేరు పళ్ళు సరిచేశాం. క్లచ్చు ప్లేటుని నడుమకి నిలబెట్టడానికి టేకు ముక్కతో దొంగషాఫ్టు ఒకటి లేతు మీద నేనే తిప్పించాను.

ఎక్కించే రోజున మేస్త్రి గారు మామూలుగానే పానాలు ఒళ్ళో పోసుకుని కూర్చున్నారు. పాత బండి కదా, పొద్దంతా పడుతుందనుకున్నాం. ఒక్కసారి ఊపాను, అంతే. మెత్తటి చప్పుడుతో కూర్చుంది. నా సర్వీసులో అంత చక్కగా కూర్చున్న గేర్‌బాక్సు లేదు. "స్తోత్రం ప్రభువా," అన్నాను. మేస్త్రి గారు "గోవిందా," అన్నారు. ఎవరి మొక్కు వారిది, ఎవరి ప్రార్థన వారిది. బోల్టు మాత్రం ఇద్దరికీ ఒకే వైపు తిరుగుతుంది.

ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి పుల్లీతో లేపి, ముందు వంచి, బానెట్టులోంచి బండిలోకి దించాం. ఇంక స్టార్టు చెయ్యడమే మిగిలింది. హ్యాండిలు చిన్నరాజు గారి దగ్గరుంది. ఆయన రావాలి.

మైకు

ఆ ఆదివారం మా మందిరంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు నేను లేచాను. ఒక పని మీద ఉన్నాను, రెండు మనసులు కలవాలి, ప్రార్థించండి అన్నాను. పేర్లు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. నేను ఏ బండి కింద పడుకుంటున్నానో పేటంతటికీ తెలుసు.

పాస్టరు గారు నిష్కపటి. ప్రార్థనలోకి దిగితే ఒళ్ళు మరిచిపోతారు. కళ్ళు మూసుకుని, మైకు దగ్గరకు లాక్కున్నారు. "ప్రభువా, బండి అన్నకి, ఇంజను తమ్ముడికి పంచుకున్న ఇల్లు ఉంది తండ్రీ! ఆ గర్వాన్ని విరగ్గొట్టు తండ్రీ! ఆ రాతిగుండెలు కరిగించు తండ్రీ!" అన్నారు. మేమందరం ఆమెన్ అన్నాం. నేను అందరికంటే గట్టిగా అన్నాను, ఏడుస్తూ అన్నాను. మందిరం గోడ మీది బాకా కాలువ వైపు తిరిగి ఉందన్న సంగతి ఆ వేళ మాలో ఒక్కరికీ తట్టలేదు. వంతెన అవతల పెద్దరాజు గారు ఆ సమయానికి అరుగు మీద పేపరు చదువుతూ ఉంటారన్నదీ తట్టలేదు.

ఎక్కు అన్న మాట

బండి తీసే రోజున ఇద్దరూ వచ్చారు. పెద్దరాజు గారు ఇస్త్రీ బట్టల్లో, చేతిలో నిమ్మకాయలతో వచ్చారు. ఎవరినీ పలకరించలేదు. టైర్ల కింద కాయలు పెట్టించి, స్టీరింగు ముందు కూర్చున్నారు. చిన్నరాజు గారు లుంగీ ఎగ్గట్టి, హ్యాండిలు భుజాన వేసుకుని వచ్చారు. మేస్త్రి గారితో, "ఏమండీ, మా రొయ్యల ఇంజనుకి పౌడరు పూసేరే," అని హాస్యమాడారు.

హ్యాండిలు పెట్టి తిప్పారు. అందుకోలేదు. మళ్ళీ తిప్పారు. పెద్దరాజు గారి చెయ్యి అలవాటుగా గాలి తగ్గించే చోకు నాబు మీదకి వెళ్ళి కొంచెం లాగింది. ఈసారి ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. అన్న ఆక్సిలేటరు మీద కాలు మోపిన తీరుకి, తమ్ముడు హ్యాండిలు లాగేసిన తీరుకి నాకు కాలువగట్టు గుర్తొచ్చింది. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు లాంటిది కదిలింది. నేను చూశాను, అబద్ధం కాదు.

చిన్నరాజు గారు చేతులు తుడుచుకుని ఎడమ వైపు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డారు. దూకలేదు. ఒక్క మాట కోసం ఆగారు. పెద్దరాజు గారు అద్దంలోంచి ముందుకే చూస్తున్నారు. ఇంజను తిరుగుతూనే ఉంది.

చివరికి పెద్దరాజు గారు నా వైపు తిరిగారు. "ఏమోయ్ ప్రకాశం, మీ ప్రార్థన ఫలించిందిగా. వచ్చే ఆదివారం మైకులో ఇది కూడా చెప్పించు. తమ్ముడు ఇంజను దానం చేసేడు, రాతిగుండె అన్న చెయ్యి చాపేడు అని."

చిన్నరాజు గారికి మైకు సంగతి తెలియదు. "దానమని ఎవరన్నారు అన్నయ్యా?"

"మన పంపకం సంగతి మైకులో ఊరంతా విన్నది. నువ్వొక్కడివే వినలేదా?"

"నేనేం చెప్పించలేదు."

"నువ్వు నాతో కూడా ఏం చెప్పలేదులే. ఆ రోజూ చెప్పలేదు."

అప్పుడు మా మేస్త్రి గారు ఆగలేకపోయారు. గబగబా వచ్చి చిన్నరాజు గారి రెట్ట పట్టుకుని, తలుపు తీసి సీట్లోకి నెట్టబోయారు. "పాత మాటలెందుకండీ, ఎక్కెయ్యండి! ఎక్కేస్తే సరిపోద్ది. మీరు కూడా ఒక చెయ్యి ఇవ్వండి రాజుగారూ, ఇవ్వండి!" అన్నారు. ఒక చేత్తో తమ్ముణ్ణి, ఇంకో చేత్తో అన్న మణికట్టుని పట్టుకుని దగ్గరకి లాగుతున్నారు. షెడ్డు ముందు జనం పోగయ్యారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

చిన్నరాజు గారు చెయ్యి విడిపించుకున్నారు. ఆయన ముఖం ఎర్రబడిపోయింది. పెద్దరాజు గారు స్విచ్చి ఆపేశారు. షెడ్డు రేకుల అదురు ఆగిపోయింది.

"ఎవరి ముక్క వాళ్ళకి ఇచ్చెయ్యండి మేస్త్రి గారూ," అన్నారు దిగుతూ.

"ఆయ్. దించెయ్యండి," అన్నారు తమ్ముడు.

ఒకరు తూర్పుకి, ఒకరు పడమటికి వెళ్ళిపోయారు. చిన్నరాజు గారు హ్యాండిలు మా బల్ల మీద మరిచిపోయారు.

పాడైన ఇంజన్లు ఎన్నో దించాను. నడిచే ఇంజను దించింది అదొక్కటే. చల్లారేదాకా ఆగి, నీళ్ళు వదిలి, పుల్లీ తగిలించాం. బండిలోంచి తీశాక ఇంజనునీ గేర్‌బాక్సునీ విడదీయాలి. బోల్టులు తీసి, ఎందుకైనా మంచిదని గడ్డపార తెచ్చుకున్నాను. అవసరం రాలేదు. చేత్తో పట్టుకుంటే గేర్‌బాక్సు వచ్చేసింది. మేస్త్రి గారు స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు. ఆ రోజు ఆయన ఒళ్ళో పానాలు లేవు. "నేను లాగేనురా," అని ఒక్క మాట అన్నారు. తర్వాత పోయేదాకా ఆ బండి ఊసెత్తలేదు.

వంతెన దగ్గర

కుర్రాళ్ళకి నా తీర్పు ఇది. మేస్త్రి గారిది చెడ్డ మనసు కాదు, పాస్టరు గారిదీ కాదు. మంచి మనసుతో చేసిన తొందర ఇనుముకి తగులుతుంది, మనిషికి ఇంకా తగులుతుంది. మీ దగ్గరకి బండితో పాటు ఇంటి సంగతులు కూడా వస్తాయి. విన్నది షెడ్డులోనే ఉంచండి. దేవుడి దగ్గరకి తీసుకెళ్ళేటప్పుడు కూడా గొంతు తగ్గించి తీసుకెళ్ళండి. ఆయనకి చెవుడు లేదు.

రెండువేల తర్వాత చెరువులు మళ్ళీ తేరుకున్నాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. ఆ ఇంజనుతో ఇక ఎవరికీ పని పడలేదు. మేస్త్రి గారు పోయాక కొన్నాళ్ళు షెడ్డు నేనే నడిపి, చూపు తగ్గాక మూసేశాను. ఆ రోజుల్లో ఒకసారి తాటిపాక సెంటర్లో బస్సు కోసం నిలబడి ఉంటే చిన్నరాజు గారు కనిపించారు. జుట్టంతా నెరిసిపోయింది.

"హ్యాండిలు నీ దగ్గరే ఉందా ప్రకాశం?"

"ఉందండి. నూనె రాసి ఉంచేనండి. తెచ్చిమ్మంటారా?"

"ఉంచు." బస్సొచ్చే దారి వైపు తిరిగి అడిగారు. "ఆయన ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారండి. మోకాళ్ళు పట్టేసేయి. క్లచ్చు తొక్కలేరండి ఇంక."

"నేను తొక్కగలను," అన్నారు చిన్నరాజు గారు. బస్సొచ్చింది, ఎక్కేశారు.

ఆ మాట పట్టుకుని నేను వంతెన దాకా వెళ్ళాను. దాటలేదు. నేను మోసుకెళ్తే అది మళ్ళీ నా మాట అవుతుంది. ఆ మాట తమ్ముడి నోటితోనే, ఆ అరుగు మీదే వినపడాలి. అప్పటినుంచి ఎదురుచూస్తున్నాను. బండి కొట్టంలో ఉంది. గేర్‌బాక్సు దాని పక్కనే గోనెసంచిలో ఉంది. ఐ.పోలవరం గట్టుకి తిరిగి చేరిన ఇంజనుకి తాటాకులు ఎవరు మారుస్తారో గాని, నేను చూసినప్పుడల్లా పచ్చివే ఉంటున్నాయి. ఇద్దరూ ఈ రోజుకీ బతికే ఉన్నారు. నా చూపు మందగించినా, గేర్‌బాక్సు ఎక్కించడానికి చూపుతో పనిలేదు.

ఇది చదివినవాళ్ళు ఒక్క క్షణం ఆగి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఆ తమ్ముడి కాళ్ళకి ఆ అరుగు ఎక్కే బలం ఇవ్వు. అన్న నాలుక మీద 'ఎక్కు' అనే ఒక్క మాట పెట్టు. మా చేతులు మధ్యలోకి రాకుండా కాపాడు. ఆమెన్. పేర్లు అడగకండి, పైకి అనకండి. పెదవులు కూడా కదపక్కర్లేదు.